తీతువు గడ్డ మీద బొంబాయి

ఏటి నడుమ మేట వేసిన నేలను కోస్తా వాళ్ళు లంక అంటారు. పాలమూరు వాళ్ళకు అది గడ్డ. పెబ్బేరుకు దక్షిణాన, కృష్ణ ఒడ్డునున్న ఒక ఊరికి ఎదురుగా, ఈ ఒడ్డుకూ గద్వాల ఒడ్డుకూ మధ్య అలాంటి గడ్డ ఒకటుంది. ఎంత లేదన్నా ఆరెకరాలుంటుంది. పై కొసన పెద్దపెద్ద బండలు, కింది కొసన తెల్లటి ఇసుక, నడుమ మోకాలి ఎత్తు గరిక, అంచుల వెంట జమ్ము, నాలుగు ఈతచెట్లు, ఒక ముసలి నల్లతుమ్మ. ఇల్లు లేదు, గుడి లేదు, ఇది నాదని కాగితం చూపించే పట్టాదారు లేడు. పొద్దున్నే నీరుకాకులు బండల మీద రెక్కలు ఆరబెట్టుకుంటాయి. నీటికుక్కలు గుంపుగా వచ్చి, చేపలు తిని, ముళ్ళు అక్కడే వదిలేసి పోతాయి. చలికాలంలో బండల అవతల ఒక మొసలి ఎండ కాచుకుంటుంది. దాని జోలికి ఎవరూ పోరు, అదీ ఎవరి జోలికీ రాదు.

మిగతా గడ్డంతా తీతువులదే. ఇసుకలో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టి, ఎవరు కాలు మోపినా నెత్తి మీద తిరుగుతూ కేకలు వేస్తాయి. అందుకే అది తీతువు గడ్డ అయింది. తీతువు కూస్తే కీడని మనవాళ్ళ నమ్మకం కదా! అంత పచ్చగడ్డీ ఏటేటా ఎండి వరదకు కొట్టుకుపోయేదే గాని ఒక్క పశువు నోటికీ అందేది కాదు. మనిషికి భయం పుడితే పస్తుండేది పశువు.

ఆ కీడు సంగతి భాగ్యమ్మ దగ్గర ఎత్తి చూడండి.

"తీతువు కూస్తె కీడంటరు. బొంబైల ఒక్క తీతువన్న లేకపాయె. మరి ఆడ నాకు గన్ని కీడులెట్లైనయ్?" అంటుంది. 

భాగ్యమ్మకు ఇప్పుడు యాభై దగ్గర పడుతోంది. పద్దెనిమిదో ఏట యేసుబాబుతో పెళ్ళయింది. పెళ్ళయిన నెలకే ఇద్దరూ కూలీలను దూరదేశం పనులకు తోలుకుపోయే మల్లయ్య మేస్త్రి గుంపుతో లారీ ఎక్కారు. బొంబాయిలో కాలువలు తవ్వింది. షోలాపూర్‌లో రోడ్లకు కంకర పరిచింది. పూనాలో అంతస్తుల మీదికి సిమెంటు తట్టలు మోసింది. అక్కడ ఒక మేడ ముందు ఈతకొలను కట్టారు. నీలం రంగు పలకలు అతికించే పనివాడికి నెల రోజులు సిమెంటు మాలు కలిపి అందించింది ఈమే. తీరా నీళ్ళు నింపిన రోజున కావలివాడు గేటు దగ్గరే నిలబెట్టేశాడు. అలా కొలను కట్టింది గాని ఈత రాలేదు.

కూతురు రేఖను తల్లి దగ్గర వదిలి పోయేది. ఒక ఏడు ఈస్టరు పండుగకు ఊరొస్తే, మూడేళ్ళ రేఖ అమ్మమ్మ కొంగు చాటుకు పోయి, "గీమె ఎవలు?" అని అడిగింది. భాగ్యమ్మ గుండె చెరువైంది. నవమాసాలు మోసి కన్న బిడ్డకు నేను ఎవరినని చెప్పుకోవాలి? ఇంక లారీ ఎక్కేది లేదని ఆ పూటే ఒట్టు పెట్టుకుంది. ఒట్టు పెట్టుకోవడానికి ఒక్క పూట చాలింది, నిలబెట్టుకోవడానికి పన్నెండేళ్ళు పట్టింది. మధ్యలో కడుపు అనేది ఒకటుంది కదా.

పదేళ్ళ కిందట యేసుబాబుకు నడుము పట్టేసి బరువు పనికి పనికిరాకుండా పోయాక, ఇద్దరూ ఊరు చేరారు. గుంటెడు భూమి లేదు. ఉన్నదంతా ఊడ్చి ఒక బర్రె పడ్డను కొన్నది. కొన్నాక తెలిసొచ్చింది, దానికి మేత ఎక్కడా లేదని. ఊరి చుట్టూ పత్తివిత్తనాల చేలే. ఆ చేలలో కూలీలు పువ్వు పువ్వునూ చేత్తో ముట్టి, మొగపువ్వుతో అద్ది, దారం కట్టి పోతారు. అలాంటి చేను గట్టు మీద పశువు మూతి పెడితే రైతు ప్రాణం పైనే పోతుంది. ఎవరి గట్టుకు వాళ్ళు తుమ్మకంప కొట్టుకున్నారు. భాగ్యమ్మ పడ్డను పట్టుకుని నడిచీ నడిచీ చివరికి ఏటి ఒడ్డున నిలబడింది. ఎదురుగా నీళ్ళ అవతల మోకాలి ఎత్తు గరిక గాలికి ఊగుతోంది. అది ఎవరిదీ కాదు.

ఆ రేవులో పుట్టి నడిపేవాడు మద్దిలేటి. పుట్టి అంటే వెదురుబద్దలతో గంపలా గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసిన పట్టా బిగించిన పడవ. మనుషులు ఎక్కుతారు, గొర్రెలు ఎక్కుతాయి, బర్రె మాత్రం పట్టదు.

"మామా, దీన్ని ఆ గడ్డ మీదికి ఎట్ల దాటియ్యాలె?" అని అడిగింది భాగ్యమ్మ.

మద్దిలేటి నవ్వాడు. "దాన్ని నువ్వు దాటిచ్చుడేంది? అదే నిన్ను దాటిస్తది. తోక పట్టుకో. గట్టిగ పట్టుకో గని గుంజకు. బుగులైతె కండ్లు మూసుకో, చెయ్యి మాత్రం ఇడువకు బిడ్డా."

మొదటిరోజు కళ్ళు మూసుకునే దాటింది. నాలుగోరోజు ఒక కన్ను తెరిచింది. నెల తిరిగేసరికి తోక పట్టుకుని అటూ ఇటూ చూస్తూ పాట పాడుకుంటూ పోయేది. రేవులో బట్టలు ఉతుకుతున్న కిష్టమ్మ ఊరుకోలేక, "కుక్క తోక పట్టుకొని గోదారి ఈదినట్టుంది నీ యవ్వారం" అని ఎకసెక్కమాడింది.

"నేను పట్టింది కుక్క తోక గాదు, బర్రె తోక. గిది గోదారి గాదు, కిష్ణమ్మ. సామెత మార్చుకో అక్కా" అంది భాగ్యమ్మ నీళ్ళలోంచే.

ఒక పడ్డ మూడు బర్రెలయింది, రెండు పడ్డలయింది. పెద్ద బర్రెలకు ఆమె పెట్టిన పేర్లు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. బొంబాయి, పూనా, షోలాపూర్. ఇవేం పేర్లని అడిగితే, "ఆ ఊర్లు ఇరవై ఏండ్లు నన్ను తోలినయ్. ఇప్పుడు నేను తోలుతున్న" అనేది. ఆ పాలతోనే రేఖ చదువుకుంది, గద్వాల దవాఖానలో నర్సయింది. తీతువుల గుడ్లను బర్రెలు తొక్కకుండా భాగ్యమ్మ వాటి చుట్టూ కంప పెట్టేది. "ముందుగాల వచ్చినోళ్ళు గవి, మనం ఎనుక వచ్చినోళ్ళం" అనేది. తీతువులకు ఆ విశ్వాసం ఏమీ లేదు. పదేళ్ళుగా నెత్తిన తిరిగి తిడుతూనే ఉన్నాయి.

వరద సంగతి కూడా మద్దిలేటే నేర్పాడు. పై దేశంలో వానలు పడితే ఏరు పొంగే ముందు రంగు మారుతుంది, ఎర్రనీళ్ళు వచ్చాక ఒక పొద్దు గడిస్తే గాని వరద రాదు. ఇది అతని తాత చెప్పిన మాట. అందుకని వానకాలం పొడుగునా భాగ్యమ్మ పొద్దున్నే దోసిట్లో నీళ్ళు పట్టేది. అరచేతి గీతలు కనిపిస్తే గడ్డకు ప్రయాణం, కనిపించకపోతే ఆనాడు ఇంటిపట్టునే. పదేళ్ళలో ఆ గీతలు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఈ ఏడు ఎండలు గడ్డను కూడా మాడ్చేశాయి. బొంబాయి సూడిది, వట్టిపోయి ఉంది. పూనా, షోలాపూర్ ఇచ్చే పాలు చారెడు. సరిగ్గా అప్పుడే మల్లయ్య మేస్త్రి ఫోను చేశాడు. పూనాలో కొత్త మేడలు లేస్తున్నాయి, యేసుబాబుకు కూర్చుని చేసే కావలి పని ఉంది, భాగ్యమ్మకు ఎలాగూ తట్ట ఉండనే ఉంది. యేసుబాబు మనసు అటు మొగ్గింది.

"ఎన్ని దినాలని ఈ బర్రెలెంబడి తిరుగుతవ్? పెబ్బేరు సంతల అమ్మేసి పోదాం పా" అన్నాడు.

భాగ్యమ్మ బొంబాయి కడుపు నిమిరి చూసింది. తర్వాత తేల్చి చెప్పింది. "బొంబాయి ఈని, తల్లీపిల్లా మంచిగుండి పాలిస్తె ఇంక పూనా పేరెత్తొద్దు. గట్ల కాకపోతే మూట నేనే కడుత."

యేసుబాబు సరేనన్నాడు. శనివారం వస్తానని మేస్త్రి కబురు పెట్టాడు.

ఇది జరిగింది జూలై చివర. శనివారానికి ఇంకా మూడు రోజులుంది. బుధవారం పొద్దున్నే భాగ్యమ్మ దోసిట్లో నీళ్ళు పట్టింది. గీతలు చక్కగా కనిపించాయి. బొంబాయి ఈనడానికి ఇంకా పది రోజులుందని ఆమె లెక్క. చీర మీద యేసుబాబు పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, ఎప్పటిలాగే ఫోను ఇంట్లో వదిలేసి, ఐదింటినీ నీళ్ళలోకి దించింది. ఆమె అటు దాటి చాలాసేపయ్యాక, పది కావస్తుండగా ఊళ్ళో చాటింపు వేశారు. పైన డ్యాం నిండుతోంది, గేట్లు ఎత్తుతున్నారు, ఏట్లోకి ఎవరూ దిగొద్దని. చాటింపు తప్పేం లేదు, వినాల్సిన మనిషే గడ్డ మీద ఉంది.

గడ్డ మీద బొంబాయి మేత ముట్టలేదు. ఒంటరిగా జమ్ములోకి పోయి నిలబడింది. భాగ్యమ్మకు అర్థమైంది. పదింటికల్లా ఆడదుడ్డె పుట్టింది. నల్లగా నిగనిగలాడుతోంది, నుదుట చిన్న తెల్లమచ్చ. భాగ్యమ్మ చొక్కా విప్పి దానితోనే దుడ్డె ఒళ్ళంతా తుడిచింది. అది లేచి, పడి, మళ్ళీ లేచి పొదుగు వెతుక్కుంటుంటే ఆమె ఒంటరిగా చప్పట్లు కొట్టింది. ఇంక పూనా లేదు! ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

అప్పుడు తీతువులు లేచాయి. ఒకటీ రెండూ కాదు, గడ్డ మీద ఉన్నవన్నీ లేచాయి. ఎప్పటిలా ఆమె నెత్తి మీద కాదు, కింది కొసన ఇసుక మీద తిరుగుతున్నాయి. భాగ్యమ్మ పరుగెత్తి చూసింది. తాను పెట్టిన కంప నీళ్ళలో తేలుతోంది. గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు తల్లుల వెనక బండల వైపు ఉరుకుతున్నాయి. సగం ఇసుక కనిపించడం లేదు. వంగి దోసిట్లో నీళ్ళు పట్టింది. అరచేతి గీతలు ఒక్కటి కూడా పొల్లుపోకుండా కనిపించాయి.

తప్పెక్కడ జరిగిందో ఆమెకు అప్పుడు తట్టింది. డ్యాం వెనక నిలవున్న నీళ్ళలో మట్టి అడుగున పేరుకుంటుంది, గేట్లెత్తితే ముందు వచ్చేది తేట నీళ్ళే. మద్దిలేటి తాత బతికిన నాడు ఈ ఏటి మీద డ్యాం లేదు. ఆయన మాట ఆ కాలానికి నిజమే. ఆ మాటను నమ్ముకుని పదేళ్ళు ఏరు దాటింది తనే. ఇన్నాళ్ళూ తాను గడ్డ మీద ఉన్న పూట గేట్లెత్తకపోవడం అదృష్టం, అంతే.

పూనా తోక పట్టుకుని ఆ క్షణమే దాటి పోవచ్చు. షోలాపూర్, పడ్డలు వెంట వస్తాయి. బొంబాయి రాదు. ఈనిన బర్రె దుడ్డెను వదిలి అడుగు కదపదు, పుట్టి గంట కాని దుడ్డె ఈదలేదు.

గడ్డ పై కొసన బండల దగ్గర్నుంచి కేక వినిపించింది. "భాగ్యమ్మా! ఓ భాగ్యమ్మా!"

మద్దిలేటి! అరవై ఐదేళ్ళ మనిషి, చాటింపు వినీ వినగానే పుట్టిని నెత్తిన బోర్లించుకుని ఒడ్డు వెంట అర మైలు ఎగువకు పరుగెత్తాడు. అక్కడ నీళ్ళలో వేసి, ఉరవడిని అడ్డంగా కోసుకుంటూ సరిగ్గా గడ్డకు తగిలించాడు. పుట్టివాడి పనితనమంటే అదీ.

"ఎక్కు బిడ్డా, జల్ది ఎక్కు! బర్రెల సంగతి అవే సూసుకుంటయ్."

"బొంబాయి ఈనింది మామా. ఈ దుడ్డెను తీస్కపో."

మద్దిలేటి నీళ్ళ వైపు చూశాడు. "ఈ ఊపుల నిన్నూ దాన్నీ ఇద్దరిని ఎక్కిస్తె పుట్టి తిరగబడ్తది. ఒక్కరే."

"గందుకే దాన్ని తీస్కపో అంటున్న."

"మరి నువ్వు?"

"నాకు ఐదు తోకలున్నయ్" అంది భాగ్యమ్మ.

వాదించే వ్యవధి లేదు. దుడ్డెను ఎత్తి పుట్టిలో పడుకోబెట్టారు. అది గింజుకుని దూకకుండా మద్దిలేటి మీద గోనెసంచి కప్పి, తెడ్డు వేశాడు. అదే పొరపాటైంది. బొంబాయికి దుడ్డె కనిపించలేదు. తల్లి బర్రెకు తెలిసిందల్లా తాను ఈనిన చోటు. వెనుదిరిగి జమ్ములోకి పోయి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అరవడం మొదలుపెట్టింది. పుట్టి అప్పటికే ఏటి నడుమ ఉంది.

భాగ్యమ్మ పిలిచింది. బతిమాలింది. మెడ పట్టి లాగింది. బొంబాయి బండరాయిలా నిలబడింది. పదేళ్ళలో దాన్ని ఒక్క మాట అనని మనిషికి కోపం కట్టలు తెంచుకుంది.

"నడువవే బొంబాయీ! నిన్ను ఈడ ఇడిచిపెట్టి నేను పోత అనుకుంటున్నవా? ఇడువ! సస్తె ఇద్దరం సద్దాం గని, ఇడువ!"

అరుస్తూనే ఏడ్చింది. ఏడుస్తూ ముఖం తుడుచుకోవడానికి చేతిలోని చొక్కా ఎత్తింది. బొంబాయి అరుపు ఆపింది. మెడ సాచి చొక్కాను వాసన చూసింది. అది దుడ్డెను తుడిచిన చొక్కా!

భాగ్యమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. బొంబాయి ఒక అడుగు ముందుకు వేసింది.

దారి దొరికింది గాని చిక్కు ఇంకోటి వచ్చింది. బర్రెకు చొక్కా ముందుండాలి. భాగ్యమ్మకు తోక ముందుండాలి, ఈత రాని మనిషి కదా! బొంబాయి తోక పట్టుకుంటే చొక్కా వెనకబడుతుంది, చొక్కా పట్టుకుని ముందు దిగితే తాను మునుగుతుంది. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. చొక్కా చేతులను మెడకు ముడివేసి వీపు మీద వేలాడేసుకుంది. పూనాను నీళ్ళలోకి తోలి దాని తోక అందుకుంది. ముందు పూనా, దాని తోక పట్టుకుని భాగ్యమ్మ, ఆమె వీపు మీది చొక్కాకు మూతి ఆనించి బొంబాయి. వెనక షోలాపూర్, రెండు పడ్డలు.

నీళ్ళు విసురుగా ఉన్నాయి. ఎదురు ఒడ్డు ఎదురుగా నిలవడం లేదు, పక్కకు పరుగెత్తుతోంది. ఒక అల ముఖాన కొడితే ముక్కులోకి, నోట్లోకి నీళ్ళు పోయాయి. మెడ మీద బొంబాయి ఊపిరి వేడిగా తగులుతోంది. ఆ వేడి ఉన్నంతసేపూ అది వెంట వస్తున్నట్టే. ఒకసారి ఆ వేడి తగల్లేదు. వెనక్కి తిరిగితే పట్టు తప్పుతుంది. "బొంబాయీ!" అని ముందుకు చూస్తూనే అరిచింది. మళ్ళీ వేడి తగిలింది.

ముందున్న పుట్టిలో మద్దిలేటి ఇదంతా చూశాడు. తాను చేసిన పొరపాటు తెలిసి, ఒంటిచేత్తో తెడ్డు ఆపి రెండో చేత్తో గోనెసంచి లాగి పారేశాడు. దుడ్డె తల ఎత్తి సన్నగా అరిచింది.

ఆ అరుపు చెవిన పడిందో లేదో, బొంబాయి భాగ్యమ్మను పక్కకు నెట్టి, పూనాను దాటి, అప్పుడే ఈనిన బర్రె అన్న మాటే లేకుండా నీళ్ళు చీల్చుకుంటూ పోయింది. "పో తల్లీ, పో!" అని భాగ్యమ్మ నీళ్ళు మింగుతూ కేకలు పెట్టింది.

అందరూ మైలు కింద ఒడ్డుకు తగిలారు. వరద చూడటానికి వచ్చిన జనం ఫోన్లు జేబుల్లో పెట్టేసి చేతులందించారు. అందరికన్నా ముందు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డవాడు యేసుబాబు. నడుము నొప్పి ఏమైందో మరి! ఆమె చెయ్యి పట్టుకుని ఒడ్డుకు లాగాడు. భాగ్యమ్మ ఒడ్డున కూలబడి, ఊపిరి తిరిగాక అంది, "పొద్దుగాల ఐదిటిని తోలుకపోయిన. ఆరిటిని తెచ్చిన. సూసుకో."

జనం ఈలలు వేశారు. దుడ్డె ఇసుకలో నాలుగు కాళ్ళ మీద నిలబడి తల్లి పొదుగు అందుకుంది.

మద్దిలేటి పుట్టిని ఒడ్డుకు లాగి దగ్గరకొచ్చాడు. "మా తాత మాట సెప్పి నిన్ను ముంచేటోన్ని బిడ్డా" అన్నాడు తల దించుకుని.

"తాత మాట తప్పు గాదు మామా. ఆయన డ్యాము సూడలె, మనం సూసినం. రేపట్నుంచి ముందు ఫోను అడుగుత, ఆనక నీళ్ళను అడుగుత" అంది.

బర్రెలు ఊరి దారి పట్టాలంటే పత్తిచేలు దాటాలి. ఆ చేల రైతు తన చేత్తోనే కంప పక్కకు లాగి దారి ఇచ్చాడు. నాలుగు మొక్కలు తొక్కుడు పడ్డా నోరెత్తలేదు. ఇలాంటి రోజు ఆ ఊరికి అంతకుముందు రాలేదు.

బొంబాయి ముర్రుపాలు బిందెకు బిందె ఇచ్చింది. తొలిపాలు అమ్మరాదు, పంచాలి. మద్దిలేటి ఇంటికి మొదటి చెంబు పోయింది. కిష్టమ్మ తానే వచ్చి పట్టుకుపోయింది. ఏనాడూ భాగ్యమ్మ వాకిలి తొక్కని రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. భాగ్యమ్మ ఎవరికీ లేదనలేదు.

శనివారం సాయంత్రం మల్లయ్య మేస్త్రి వచ్చాడు. చంకలో సంచి, చేతిలో పేర్ల కాగితం.

"ఏం యేసుబాబు, సోమారం లారీ. మూటలు కట్టిన్రా?"

ముప్పై ఏళ్ళలో మేస్త్రి మాటకు ఎదురు చెప్పి ఎరగని యేసుబాబు నిటారుగా నిలబడ్డాడు. "మేం రాం మేస్త్రీ" అన్నాడు.

"మరి ఎప్పుడొస్తరు?"

"ఇంక ఎన్నటికి రాం."

మల్లయ్య నమ్మలేక భాగ్యమ్మ వైపు తిరిగాడు. ఆమె బొంబాయి పొదుగు దగ్గర కూర్చుని పాలు పిండుతోంది. చెంబులో నురగ పైకి లేస్తోంది. ఆమె తల తిప్పలేదు, చెయ్యి ఆపలేదు.

"కూసో అన్నా. ఇంత దూరం వచ్చినవ్, జున్ను తిని పో."

మల్లయ్య మేస్త్రి కూర్చున్నాడు. బెల్లం, యాలకులు వేసి వండిన జున్ను రెండుమార్లు వేయించుకుని తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, కాగితం మీద రెండు పేర్లు కొట్టేసి, ఒక్కడే నడిచిపోయి పెబ్బేరు బస్సు ఎక్కాడు.